సీహెచ్341ఏ ప్రోగ్రామర్‌తో బయోస్ చిప్‌ను భద్రంగా చదవడం, తిరగరాయడం

బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి నల్లటి తెరతో నిలిచిపోయిన ల్యాప్‌టాప్‌నూ, పొరపాటు ఫర్మ్‌వేర్ (పరికరాన్ని నడిపే లోపలి ప్రోగ్రామ్) ఎక్కి దీపాలు మాత్రం వెలుగుతూ మరేమీ పలకని రౌటర్‌నూ బోర్డు మార్చకుండానే తిరిగి నడిపించగల పనిముట్టు మూడు నాలుగు వందల రూపాయలకే దొరుకుతుంది. దాని పేరు సీహెచ్341ఏ మినీ ప్రోగ్రామర్. చైనాలోని నాన్‌జింగ్ నగరానికి చెందిన డబ్ల్యుసీహెచ్ సంస్థ తయారుచేసే సీహెచ్341ఏ అనే యూఎస్‌బీ చిప్ చుట్టూ ఎవరెవరో తయారీదారులు అల్లిన చిన్న బోర్డు ఇది. ఆన్‌లైన్ అంగళ్లలో విరివిగా ఉంటుంది. హైదరాబాద్ వారైతే ఎలక్ట్రానిక్ విడిభాగాలకు పేరుపడిన కోఠి గుజరాతీ గల్లీలో అడిగి చూడవచ్చు.

ఈ పనిలో చిప్ మీద రాయడం అన్నది ఒక బటన్ నొక్కడమే, దానికి నేర్పు అక్కర్లేదు. చిప్‌లు పోయేది, సమాచారం పోయేది ఆ బటన్‌కు ముందరి అరగంటలోనే. అందుచేత ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం వోల్టేజీకీ బ్యాకప్‌కూ కేటాయించాను. రాయడం గురించి చివరలో క్లుప్తంగానే ఉంటుంది.

ఏయే సామగ్రి కావాలి

ప్రోగ్రామర్‌తో పాటు ఎనిమిది కాళ్ల చిప్‌ను పట్టుకునే క్లిప్ ఒకటి, చిప్‌ను విప్పితే పెట్టుకోవడానికి చిన్న అడాప్టర్ బోర్డు లేదా మూతపడే సాకెట్ ఒకటి, మామూలు డిజిటల్ మల్టీమీటర్, భూతద్దం, సన్న మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్, ఫ్లక్స్ ఉంటే చాలు. చౌక క్లిప్‌లకు పట్టు తక్కువ, రెండు మూడు వాడకాలకే పళ్లు వంగిపోతాయి. ప్రోగ్రామర్ మీద ఆదా చేసినా ఫరవాలేదు గానీ క్లిప్ మీద మాత్రం ఆదా చేయవద్దని నా సలహా. చిప్‌ను చదివేటప్పుడు వచ్చే తప్పుల్లో అత్యధికం అక్కడి నుంచే పుడతాయి.

చిప్ మీది అక్షరాలు చదవడం

మదర్‌బోర్డుల్లో, రౌటర్లలో ఎక్కువగా కనిపించేవి 25 శ్రేణి ఎస్‌పీఐ ఫ్లాష్ చిప్‌లు, అంటే కరెంటు లేకున్నా సమాచారాన్ని నిలుపుకునే చిన్న మెమొరీ చిప్‌లు. విన్‌బాండ్, మాక్రోనిక్స్, గిగాడివైస్ వంటి సంస్థలవి. పేరులోని అంకె చిప్ సామర్థ్యాన్ని మెగాబిట్లలో చెబుతుంది, మెగాబైట్లలో కాదు; 8 బిట్లు ఒక బైటు. 25క్యూ64 అంటే 64 మెగాబిట్లు, అంటే 8 ఎంబీ. 25క్యూ128 అంటే 16 ఎంబీ. ఈ తేడా తెలియక ఫైలు పరిమాణం దగ్గర తికమకపడేవారు చాలామందే ఉన్నారు.

సామర్థ్యం కంటే ముఖ్యమైనవి ఆ అంకెకు ముందో తరువాతో వచ్చే అక్షరాలు. విన్‌బాండ్ 25క్యూ64ఎఫ్‌వీ 2.7 నుంచి 3.6 వోల్టుల మధ్య పనిచేస్తుంది. 25క్యూ64ఎఫ్‌డబ్ల్యు పనిచేసేది 1.65 నుంచి 1.95 వోల్టుల మధ్య. చూపుకు రెండూ కవలల్లా ఉంటాయి, కాళ్ల అమరిక కూడా ఒకటే. తేడా చివరి అక్షరం వీ నా, డబ్ల్యు నా అన్నదే. మాక్రోనిక్స్‌లో 25ఎల్ అని ఉంటే 3 వోల్టుల శ్రేణి, 25యూ అని ఉంటే 1.8 వోల్టులది. గిగాడివైస్‌లో 25క్యూ అయితే 3.3 వోల్టులు, 25ఎల్‌క్యూ అయితే 1.8 వోల్టులు. కొత్త ల్యాప్‌టాప్‌లలో 1.8 వోల్టుల చిప్‌లు తరచుగా తగులుతాయి కనుక పాత అనుభవంతో ఊహించి ముందుకు వెళ్లకూడదు. ఒకసారి నేను అక్షరాలను సగం చదివి, మిగతా సగం ఊహించుకుని, డబ్ల్యు చిప్‌ను 3.3 వోల్టుల సాకెట్‌లో పెట్టాను. చిప్ తన రకాన్ని చెప్పే గుర్తింపు సంఖ్య సరిగానే వచ్చింది కాబట్టి అంతా సవ్యంగా ఉందనుకున్నాను. మూడోసారి చదివేటప్పటికి చిప్ పలకడం మానేసింది. గుర్తింపు సంఖ్య వచ్చినంత మాత్రాన వోల్టేజీ సరైనదని అర్థం కాదు.

అక్షరాలు చెరిగిపోయి ఉంటే స్పిరిట్‌తో తుడిచి, ఫోను టార్చిని పక్కనుంచి ఏటవాలుగా పట్టి ఫొటో తీస్తే చాలావరకు కనిపిస్తాయి. అయినా కనిపించకపోతే, బోర్డుకు దాని సొంత ఛార్జర్‌తో కరెంటు ఇచ్చి చిప్ నాలుగో కాలికీ ఎనిమిదో కాలికీ మధ్య వోల్టేజీ కొలవాలి. చుక్క పక్కన ఉన్నది ఒకటో కాలు, అక్కడి నుంచి గడియారం ముల్లుకు ఎదురు దిశలో లెక్కపెట్టాలి. నాలుగోది గ్రౌండు, ఎనిమిదోది సరఫరా. మీటర్ 3.3 చూపిందా, 1.8 చూపిందా అన్నదే తిరుగులేని సమాధానం. మీటర్ మొన జారి పక్క కాలికి తగిలితే అసలుకే మోసం వస్తుంది కనుక చెయ్యి బల్ల మీద ఆన్చి కొలవడం మంచిది.

ప్రోగ్రామర్‌లోనే ఉన్న లోపం

ఇక ప్రోగ్రామర్ సంగతి. నల్లటి బోర్డుతో వచ్చే అతి చౌక రకంలో ఒక రూపకల్పన లోపం ఉంది. దాని మీద వోల్టేజీని 3.3కి తగ్గించి నిలిపే రెగ్యులేటర్ ఉంటుంది, సాకెట్ సరఫరా కాలికి అది సరిగానే 3.3 వోల్టులు ఇస్తుంది. కానీ సీహెచ్341ఏ చిప్ మాత్రం యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులతో నడుస్తుంది. అందువల్ల అది పంపే క్లాక్, డేటా, చిప్ సెలెక్ట్ సంకేతాలు కూడా 5 వోల్టుల స్థాయిలోనే వస్తాయి. విన్‌బాండ్ పత్రాల ప్రకారం ఏ కాలి మీదైనా వోల్టేజీ సరఫరా కంటే 0.4 వోల్టులకు మించి ఎక్కువ ఉండరాదు. అంటే 3.3 వోల్టుల సరఫరా ఉన్నప్పుడు గరిష్ఠ పరిమితి 3.7 వోల్టులు, వస్తున్నవేమో 5.

ఏళ్ల తరబడి ఇలాగే వాడుతున్నామనీ, ఒక్క చిప్ కూడా పోలేదనీ చెప్పేవారు ఉంటారు. వారు చెప్పేది అబద్ధం కాకపోవచ్చు. చిప్ లోపలి రక్షణ డయోడ్లు కొంత భారాన్ని మోస్తాయి, చదివే సమయం కూడా కొద్ది నిమిషాలే. కానీ క్లిప్‌తో బోర్డు మీదనే చదివేటప్పుడు ఆ 5 వోల్టులు ఫ్లాష్ చిప్ దగ్గరే ఆగవు, అదే తీగల వెంట చిప్‌సెట్ (బోర్డులోని ప్రధాన నియంత్రణ చిప్) కాళ్ల దాకా వెళ్తాయి. ఫ్లాష్ చిప్ పోతే కొద్ది రూపాయలతో మరొకటి వేసుకోవచ్చు, చిప్‌సెట్ పోతే మాత్రం బోర్డు పోయినట్టే. అందువల్ల సరిచేయని నల్ల బోర్డును క్లిప్‌తో వాడకూడదన్నది నా దృష్టిలో బేరాలు లేని నియమం.

మీ బోర్డు ఏ రకమో తెలుసుకోవడం తేలిక. సాకెట్‌లో చిప్ ఏదీ పెట్టకుండా, బోర్డు మీది జంపర్‌ను ఒకటి, రెండు పిన్నుల మధ్య ఉంచి యూఎస్‌బీకి తగిలించాలి. అది ప్రోగ్రామర్ స్థితి. రెండు, మూడు పిన్నుల మధ్య ఉంచితే అది సీరియల్ పోర్టుగా మారిపోతుంది. తరువాత 25 శ్రేణి స్థానంలో నాలుగో కాలికి మీటర్ నల్ల మొన ఉంచి, మొదట ఎనిమిదో కాలు, ఆపైన ఒకటో కాలు కొలవాలి. ఒకటో కాలు చిప్ సెలెక్ట్. పనిలేనప్పుడు అది ఎగువ స్థాయిలో ఉంటుంది కనుక మీటర్‌కు స్థిరంగా దొరుకుతుంది. ఎనిమిదో కాలి దగ్గర 3.3, ఒకటో కాలి దగ్గర దాదాపు 5 కనిపిస్తే లోపం ఉన్న బోర్డు మీ చేతిలో ఉన్నట్టే.

దాన్ని సరిచేయడానికి రెండు దారులు ఉన్నాయి. వోల్టేజీ ఎంచుకునే స్విచ్, సంకేతాల స్థాయి మార్చే చిప్ ఉన్న కొత్త రకం బోర్డును కొనడం మొదటి దారి. సోల్డరింగ్‌లో చెయ్యి తిరగనివారికి ఇదే మేలు. కొన్న తరువాత కూడా స్విచ్ ప్రతి స్థానంలోనూ మీటర్ పెట్టి చూడాలి, ముద్రించిన అంకెను నమ్ముకోరాదు.

రెండో దారి పాత బోర్డునే 3.3 వోల్టుల మీద నడపడం. సీహెచ్341ఏ చిప్ 3.3 వోల్టులతోనూ పనిచేయగలదు. అలా నడిపేటప్పుడు వీ3 అనే తొమ్మిదో కాలిని కూడా అదే సరఫరాకు కలపాలని తయారీదారు పత్రం చెబుతుంది. చుక్క ఉన్న ఒకటో కాలికి సరిగ్గా ఎదురుగా ఉండేది 28వ కాలు, దాని సరఫరా కాలు. ఐరన్ మొనతో వేడిచేస్తూ, సన్నని సూదితో ఆ కాలిని పైకి లేపి బోర్డు నుంచి విడదీయాలి. తరువాత సన్న తీగతో 28వ కాలిని, తొమ్మిదో కాలిని, బోర్డు మీది 3.3 వోల్టుల రెగ్యులేటర్ (1117) అవుట్‌పుట్‌ను ఒకటిగా కలపాలి. ఆ రెగ్యులేటర్ వెడల్పు రేకు కూడా అవుట్‌పుట్టే కనుక తీగ అక్కడ అతికించడం సులువు. లేపిన కాలు కిందికి వంగి పాత స్థానాన్ని తాకితే 5 వోల్టులు నేరుగా 3.3 లైనులోకి దూరతాయి. అందువల్ల కింద వేడిని తట్టుకునే క్యాప్టన్ టేపు ముక్క చిన్నది పెట్టి, మళ్లీ ఒకటో కాలు కొలిచి 3.3 వచ్చాకే చిప్‌ను దగ్గరికి తేవాలి.

1.8 వోల్టుల చిప్‌లకు ఈ మార్పు కూడా చాలదు. స్థాయి మార్చే 1.8 వోల్టుల అడాప్టర్ విడిగా దొరుకుతుంది, అది ప్రోగ్రామర్ సాకెట్‌కూ చిప్‌కూ మధ్య కూర్చుంటుంది. అడాప్టర్ సరఫరాను కూడా ఖాళీగా ఉన్నప్పుడే కొలవాలి.

బోర్డు మీదనా, విప్పియా?

క్లిప్ పెట్టి చదవడం సులభంగా కనిపిస్తుంది, కానీ ప్రోగ్రామర్ ఇచ్చే సరఫరా ఒక్క ఫ్లాష్ చిప్‌కే కాక ఆ లైనుకు తగిలి ఉన్న ఇతర భాగాలకు కూడా వెళ్తుంది. అవి సగం మేలుకుని తామూ ఆ చిప్‌తో మాట్లాడబోతాయి, దాంతో చదువు తప్పుతుంది. కొన్ని బోర్డుల మీద రెగ్యులేటర్ ఆ భారం మోయలేక వోల్టేజీ పడిపోతుంది. క్లిప్‌తో రెండుసార్లు నిలకడగా ఒకే ఫలితం వస్తే కొనసాగించవచ్చు. రాకపోతే క్లిప్‌తో కుస్తీ పట్టడం మాని చిప్‌ను విప్పడమే తక్కువ శ్రమ.

క్లిప్ పెట్టే ముందు ఛార్జర్, ప్రధాన బ్యాటరీ, గుండ్రటి సీమాస్ సెల్ మూడింటినీ తీసివేసి, పవర్ బటన్‌ను పదిపదిహేను సెకన్లు నొక్కి ఉంచి మిగిలిన విద్యుత్తును ఖాళీ చేయాలి. ప్రోగ్రామర్‌ను యూఎస్‌బీకి తగిలించకముందే క్లిప్‌ను చిప్‌కు పట్టించాలి, తీసేటప్పుడు ముందు యూఎస్‌బీని తీసి ఆ తరువాతే క్లిప్ వదలాలి. క్లిప్ పట్టీలో ఎర్ర తీగ ఒకటో కాలి వైపు, అంటే చిప్ మీద చుక్క ఉన్న మూల వైపు రావాలి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఈ చిప్‌లో గ్రౌండు నాలుగో కాలు, సరఫరా ఎనిమిదో కాలు ఎదురెదురు మూలల్లో ఉంటాయి. చిప్‌ను తలకిందులుగా తిప్పితే సరిగ్గా ఆ రెండే ఒకదాని స్థానంలోకి మరొకటి వస్తాయి. అంటే ఇక్కడ జరిగే తిప్పు పొరపాటు ఎప్పుడూ ఉల్టా కరెంటు ఇచ్చినట్టే అవుతుంది. యూఎస్‌బీ పెట్టిన వెంటనే చిప్‌ను వేలితో తాకి చూడండి. గోరువెచ్చగా కాక కాలుతున్నట్టు ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా పీకేయాలి.

ప్రోగ్రామర్ సాకెట్‌లో 25 శ్రేణికీ, మరో రకం మెమొరీ చిప్‌లైన 24 శ్రేణికీ వేర్వేరు సగాలు ఉంటాయి. ఏది ఏ వైపో బోర్డు మీదే ముద్రించి ఉంటుంది. యూఎస్‌బీ హబ్బులు, పొడవాటి ఎక్స్‌టెన్షన్ తీగలు వాడకుండా కంప్యూటర్ వెనుక పోర్టుకు నేరుగా పెట్టడం మంచిది.

సాఫ్ట్‌వేర్, మొదటి పలకరింపు

విండోస్‌లో డబ్ల్యుసీహెచ్ సంస్థ తన వెబ్‌సైట్‌లో ఇచ్చే సమాంతర పోర్టు రకం డ్రైవర్ వేసి, ఆస్‌ప్రోగ్రామర్ గానీ నియోప్రోగ్రామర్ గానీ వాడవచ్చు. లినక్స్‌లో ఫ్లాష్‌రామ్ అనే కమాండ్ పనిముట్టు ఉంది, దానికి ప్రత్యేక డ్రైవర్ అవసరం లేదు. ముక్కూమొహం తెలియని వెబ్‌సైట్లు ఇచ్చే జిప్ ఫైళ్లలోని పాత ప్రోగ్రామ్‌లను ముట్టుకోవద్దు. యాంటీవైరస్ ఆపి మరీ ఇన్‌స్టాల్ చేయమని చెప్పే ఫైలు ఏ పనికీ అవసరం లేదు.

మొదట గుర్తింపు సంఖ్య అడగాలి. విన్‌బాండ్ 64 మెగాబిట్ల 3.3 వోల్టుల చిప్ ఈఎఫ్ 40 17 అని జవాబిస్తుంది, 128 మెగాబిట్లదైతే ఈఎఫ్ 40 18. మొదటి బైటు తయారీదారుది, విన్‌బాండ్‌కు ఈఎఫ్, మాక్రోనిక్స్‌కు సీ2, గిగాడివైస్‌కు సీ8. మూడు బైట్లూ ఎఫ్‌ఎఫ్ (బిట్లన్నీ ఒకట్లు) గానీ సున్నాలు గానీ వస్తే చిప్ పోయిందని కంగారు పడనక్కర్లేదు. నూటికి తొంభై పాళ్లు అది కాంటాక్టు లోపమే. కాళ్లను స్పిరిట్‌తో తుడిచి మళ్లీ పెట్టండి. ఒక్కోసారి ఒక్కో సంఖ్య వస్తే మాత్రం అక్కడే ఆగాలి, ఆ స్థితిలో చదివినదేదీ నమ్మదగ్గది కాదు. సాఫ్ట్‌వేర్ చూపే పేర్లలో చిప్ మీద ఉన్న పేరునే ఎంచుకోవాలి.

బ్యాకప్: ఒకటి చాలదు

ఇక అన్నిటికంటే విలువైన పని. చిప్ మొత్తాన్ని చదివి ఫైలుగా దాచండి. 8 ఎంబీ చిప్‌కు ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. తరువాత యూఎస్‌బీ తీసి, క్లిప్‌ను పూర్తిగా వదిలి, మళ్లీ పట్టించి, రెండోసారి చదివి వేరే పేరుతో దాచండి. క్లిప్ కదపకుండా రెండుసార్లు చదివితే వదులుగా ఉన్న కాలు రెండుసార్లూ ఒకే తప్పు చెప్పవచ్చు. అందుకే వదిలి పట్టించమంటున్నాను. రెండు ఫైళ్ల ఎస్‌హెచ్‌ఏ-256 హాష్‌లను, అంటే ఫైలు మొత్తం నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్యలను, పోల్చాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా మూడోది చదవాలి, హాష్‌లు కలిసేదాకా రాసే ఊసెత్తకూడదు.

హాష్‌లు కలిస్తే సరిపోదు, లోపల సరుకు ఉందో లేదో కూడా చూడాలి. 64 మెగాబిట్ల చిప్ ఫైలు ఖచ్చితంగా 83,88,608 బైట్లు ఉండాలి. ఫైలులోని బైట్లను ఉన్నదున్నట్టు చూపే హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే అంతా ఎఫ్‌ఎఫ్ లేదా అంతా సున్నాలు ఉండకూడదు. ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో వర్ణన ప్రాంతం (డిస్క్రిప్టర్; ఏ భాగం ఎక్కడ ఉందో చెప్పే పట్టిక) ఉన్న చిప్ అయితే, మొదటి 16 బైట్ల తరువాత 5ఏ ఏ5 ఎఫ్0 0ఎఫ్ అనే నాలుగు బైట్లు కనిపిస్తాయి. అవి ఉంటే చదువు సరిగా మొదలైందని ధైర్యం.

పాడైన బయోస్‌కు బ్యాకప్ ఎందుకని అనిపించవచ్చు. ఆ చిప్‌లో బయోస్ ఒక్కటే లేదు. ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు, ముందే వచ్చిన విండోస్ తాళం (ప్రొడక్ట్ కీ), ల్యాన్ పోర్టు మ్యాక్ చిరునామా, ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజన్ (చిప్‌సెట్‌లో విడిగా నడిచే ఇంటెల్ ఫర్మ్‌వేర్) భాగం వంటివి అందులోనే ఉండవచ్చు. అథెరాస్ చిప్‌లతో వచ్చిన పాత టీపీ-లింక్ రౌటర్లలో 4 ఎంబీ ఫ్లాష్ చివరి 64 కేబీలో ఆ ఒక్క రౌటర్ రేడియోకే చెందిన క్యాలిబ్రేషన్ సమాచారం ఉంటుంది. దాన్ని చెరిపేస్తే అదే మోడల్ మరో రౌటర్ నుంచి తెచ్చి వేసినా అచ్చంగా సరిపోదు. ఈ ఫైలును పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మెయిల్‌లోనో క్లౌడ్‌లోనో మరొకటి దాచి, పేరులో మోడల్, చిప్, తేదీ రాయండి.

రాయవలసిన ఫైలు సిద్ధం చేయడం

తయారీదారు వెబ్‌సైట్‌లో దొరికే బయోస్ ఫైలును ఉన్నదున్నట్టు చిప్‌లోకి ఎక్కించడం చాలామంది చేసే పొరపాటు. అది తరచుగా అప్‌డేట్ ప్రోగ్రామ్ కోసం చుట్టిన పొట్లం, చిప్ పూర్తి ప్రతి కాదు. పరిమాణం చిప్‌తో కలవకపోవడం దానికి మొదటి గుర్తు. కలిసినా అందులో మీ యంత్రపు సొంత వివరాలు ఉండవు. ఫైలును బయోస్ ఫైళ్లను భాగాలుగా విడదీసి చూపే యూఈఎఫ్ఐటూల్‌లో తెరిచి బయోస్ ప్రాంతాన్ని మాత్రమే బయటికి తీసి, మీ బ్యాకప్ ప్రతిలో అదే ప్రాంతం స్థానంలో ఉంచడం సరైన దారి. వర్ణన ప్రాంతం, మేనేజ్‌మెంట్ ఇంజన్, నెట్‌వర్క్ ప్రాంతం మీ పాతవే మిగలాలి. యంత్రపు వివరాలు కొన్ని బోర్డుల్లో బయోస్ ప్రాంతంలోనే ఉంటాయి కనుక, పాత ప్రతిలో సీరియల్ నంబరును వెతికి అది ఎక్కడ ఉందో ముందే చూసుకోవాలి. చివరికి తయారైన ఫైలు పరిమాణం చిప్ పరిమాణంతో ఒక్క బైటు తేడా లేకుండా సరిపోవాలి.

చెరపడం, రాయడం, సరిచూడడం

ఫ్లాష్ చిప్‌లో రాయడమంటే ఒకటిగా ఉన్న బిట్టును సున్నా చేయడం మాత్రమే. సున్నాను మళ్లీ ఒకటి చేయాలంటే 4 కేబీ సెక్టారుకు సెక్టారు మొత్తం చెరపక తప్పదు. అందుకే చెరిపిన చిప్ నిండా ఎఫ్‌ఎఫ్‌లు ఉంటాయి, అందుకే చెరపకుండా రాస్తే పాతదీ కొత్తదీ కలగలిసిన చెత్త మిగులుతుంది. వరుస ఇది: చెరపాలి, ఖాళీ అయిందో లేదో పరీక్షించాలి, రాయాలి, సరిచూడాలి. ఫ్లాష్‌రామ్ ఇదంతా తానే చేస్తుంది. విండోస్ పనిముట్లలో ఒక్కొక్క బటన్ నొక్కాలి, ఖాళీ పరీక్షను దాటవేయవద్దు.

చెరిపిన తరువాత కూడా పాత సమాచారమే కనిపిస్తే చిప్ స్టేటస్ రిజిస్టర్‌లో (చిప్ తన అమరికలను దాచుకునే చోటు) రాతను అడ్డుకునే రక్షణ బిట్లు వేసి ఉండవచ్చు. పనిముట్టులోనే రక్షణ తీసే బటన్ ఉంటుంది. అది ఫలించకపోతే మూడో కాలు, అంటే రైట్ ప్రొటెక్ట్ కాలు, బోర్డు మీద గ్రౌండుకు కలిసి ఉందేమో చూడాలి. అలాంటప్పుడు చిప్‌ను విప్పడమే దారి. సరిచూడడంలో తప్పు వస్తే గాభరా వద్దు, చిప్ ప్రోగ్రామర్‌లో ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా మళ్లీ రాయవచ్చు. ఈ చిప్‌లు సెక్టారుకు లక్ష చెరుపుల దాకా తట్టుకుంటాయని తయారీదారులు చెబుతున్నారు. రాసిన తరువాత మళ్లీ క్లిప్ వదిలి పట్టించి, విడిగా ఒకసారి చదివి, ఆ ఫైలు హాష్ మీరు రాసిన ఫైలు హాష్‌తో కలిసిందో లేదో చూడండి.

తిరిగి బిగించాక

చిప్‌ను విప్పి ఉంటే చుక్కను బోర్డు మీది గుర్తుతో సరిపెట్టి అతికించి, పక్కపక్క కాళ్లు కలిసిపోలేదని మీటర్‌తో నిర్ధారించుకుని, ఫ్లక్స్ తుడిచాకే కరెంటు ఇవ్వాలి. మొదటిసారి యంత్రం మెమొరీని కొత్తగా సర్దుకుంటుంది కనుక తెర వెలగడానికి మామూలు కంటే ఎక్కువ సమయం పట్టవచ్చు, తనంతట తాను ఒకటి రెండుసార్లు ఆగి మొదలుకావచ్చు కూడా. కొన్ని నిమిషాలైనా ఓపిక పట్టకుండా బటన్ నొక్కేయవద్దు. తెర వచ్చాక సెటప్‌లోకి వెళ్లి తేదీ, సీరియల్ నంబరు, మ్యాక్ చిరునామా చూసుకోండి.

అప్పటికీ తెర రాకపోతే మీరు దాచిన అసలు ప్రతిని అదే చిప్‌లోకి తిరిగి రాసి చూడండి. అసలు ప్రతితోనూ కొత్త ప్రతితోనూ యంత్రం ఒకే తీరుగా మొండికేస్తే, చిప్ సరఫరా కాలి దగ్గర బోర్డు తానుగా సరైన వోల్టేజీ ఇస్తోందో లేదో కొలవాలి. అక్కడ వోల్టేజీ లేదంటే లోపం ఫర్మ్‌వేర్‌లో కాదు, బోర్డు పవర్ భాగంలో ఉంది.